వానలు పడకముందే కారు వైపర్ బ్లేడ్లు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఎండలో రోజంతా ఆరుబయట నిలబడే కారుకు ముందు దెబ్బతినేది వైపర్ రబ్బరు. ఎండకు అది గట్టిపడుతుంది, అంచు బీటలు వారుతుంది. వేసవిలో వైపర్‌తో పని ఉండదు కాబట్టి ఆ సంగతి మన కంటపడదు. మృగశిర వచ్చి మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి, విజయవాడ హైవే మీద ఎదురుగా లారీ హెడ్‌లైట్లు పడినప్పుడు అద్దమంతా తెల్లటి చారలు కట్టి రోడ్డు కనబడకుండా పోతుంది. అప్పుడు చేయగలిగింది బండి పక్కన ఆపుకోవడమే.

అందుకే ఈ పని మే నెలాఖరులో, వానలకు ముందే చేసుకోవాలి. పది పదిహేను నిమిషాల పని. స్క్రూడ్రైవర్ కూడా చాలాసార్లు అక్కర్లేదు. షాపులో కొన్నచోటే బిగించి ఇస్తారు కదా అనుకోవచ్చు. ఇస్తారు, కానీ అద్దం కడిగి బిగించేవాళ్ళు తక్కువ. కొత్త బ్లేడ్లు వేసినా చారలు పోలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం బ్లేడు కాదు, అద్దం మీద పేరుకున్న జిడ్డు. ఇంట్లో మీరే చేసుకుంటే ఆ శుభ్రం చేసే పని కూడా సరిగ్గా జరుగుతుంది.

మార్చాలా, కడిగితే సరిపోతుందా?

కొనడానికి వెళ్ళేముందు పాత బ్లేడును ఒకసారి పరీక్షగా చూడండి. వైపర్ ఆర్మ్‌ను, అంటే బ్లేడును పట్టి ఉంచే ఇనుప చేతిని, మెల్లగా పైకి లేపి, తడిగుడ్డతో రబ్బరు అంచును ఈ చివర నుంచి ఆ చివరిదాకా తుడవండి. గుడ్డకు నల్లగా అంటుకోవడం మామూలే. నాలుగైదు సార్లు తుడిచాక వేలితో అంచును తడమండి. నున్నగా, సమంగా తగిలితే మంచిదే. గరుకుగా, అలలుగా తగిలినా, ఎక్కడైనా చిన్న కోత కనిపించినా, రబ్బరు లోహపు పట్టీ నుంచి ఊడి వేలాడుతున్నా మార్చక తప్పదు.

ఇంకో పరీక్ష ఉంది. అద్దాన్ని తాకే ఆ సన్నటి అంచును వేలితో అటూ ఇటూ వంచి చూడండి. వైపర్ పైకి వెళ్ళేటప్పుడు ఆ అంచు ఒక వైపుకు, కిందికి వచ్చేటప్పుడు రెండో వైపుకు ఒరగాలి. నెలల తరబడి ఒకే వైపు ఒరిగి ఎండలో ఉంటే అది అలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు వైపర్ ఒక దిశలో బాగా తుడిచి, తిరిగి వచ్చేటప్పుడు దడదడలాడుతుంది. ఇది కడిగితే పోయే జబ్బు కాదు.

మన ఎండలకు ఒక బ్లేడు ఏడాది బాగా పనిచేస్తే చాలు. షెడ్డులో ఉండే బండికి ఇంకొంత కాలం రావచ్చు. కోస్తాలో ఉండేవాళ్ళు అక్టోబరులో మరోసారి చూసుకోవాలి. తుఫాను వానలు ఎక్కువగా ఆ తర్వాతే కదా. పైగా సముద్రపు గాలికి లోహపు ఫ్రేము బ్లేడ్లు కీళ్ళ దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. రబ్బరు బాగున్నా ఫ్రేము అద్దం వంపుకు తగ్గట్టు వంగదు, మధ్యలో ఒక పట్టీ తుడవకుండా వదిలేస్తుంది.

కొలత, కొనుగోలు

కొలవాల్సింది ఆర్మ్‌ను కాదు, బ్లేడును. చివర నుంచి చివరిదాకా టేపుతో కొలవండి. బ్లేడ్లు అంగుళాల్లో అమ్ముతారు. డబ్బా మీద మిల్లీమీటర్లు కూడా ఉంటాయి: 16 అంగుళాలు అంటే 400, 20 అంటే 500, 22 అంటే 550, 24 అంటే 600. లెక్క కట్టి చూస్తే కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తుంది. కంపెనీలు ఇలా రౌండు అంకెలు వేస్తాయి, కంగారు పడక్కర్లేదు.

రెండు వైపులా విడివిడిగా కొలవడం మరిచిపోవద్దు. చాలా కార్లలో డ్రైవర్ వైపు బ్లేడు పొడుగు, పక్క సీటు వైపుది పొట్టి. ఒకటి కొలిచి రెండూ అదే సైజు తెస్తే నడిమధ్యలో ఒకదానికొకటి తగులుకుంటాయి, లేదా పొడుగు బ్లేడు అద్దం అంచు దాటి పక్క పిల్లరుకు, అంటే అద్దం పక్కనుండే స్తంభానికి, కొట్టుకుంటుంది. ఎక్కువ తుడుస్తుందని ఒక అంగుళం పెద్దది వేయడం కూడా ఇందుకే వద్దు.

సైజుతో పాటు బ్లేడు ఆర్మ్‌కు ఎలా తగులుకుందో చూసుకోండి. మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ భాగం హుక్కు రకం: ఆర్మ్ చివర కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. కొన్ని కొత్త మోడళ్ళలో, విదేశీ కంపెనీల ఖరీదైన కార్లలో హుక్కు బదులు బటన్ నొక్కి లాగే రకం, రెండు పక్కలా నొక్కే రకం ఉంటాయి. ఆ చివరను దగ్గర నుంచి ఫోటో తీసి షాపులో చూపించడం అన్నిటికన్నా సులువు. సైజులు, కారు మోడల్, తయారైన సంవత్సరం కూడా రాసుకుని వెళ్ళండి. ఒకే పేరున్న కారుకు పాత మోడల్లో ఒక సైజు, కొత్త మోడల్లో ఇంకో సైజు ఉండవచ్చు.

రకాల విషయానికొస్తే, ఇనుప ఫ్రేము ఉన్న పాత తరహా బ్లేడ్లు చవక. ఫ్రేము లేకుండా ఒకే పట్టీలా ఉండే ఫ్లాట్ బ్లేడ్లు ఖరీదెక్కువే కానీ వంపు ఎక్కువున్న అద్దానికి బాగా అతుక్కుంటాయి, హైవే వేగంలో గాలికి తక్కువ లేస్తాయి. ఊళ్ళో తిరిగే బండికి మంచి ఫ్రేము బ్లేడు చాలు. వారం వారం హైవే ఎక్కేవాళ్ళు ఫ్లాట్ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. ఫ్రేము గట్టిగా ఉండి రబ్బరు ఒక్కటే పోతే, రబ్బరు పట్టీ మాత్రమే మార్చుకోవచ్చు. అది ఇంకా చవక.

విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది. రెండు మూడేళ్ళు షాపు అటక మీద వేడికి మగ్గిన బ్లేడు కొత్తదే అయినా మీకు పనికిరాదు. బాష్, వేలియో లాంటి పేరున్న కంపెనీల డబ్బాలకు నకిలీలు కూడా వస్తుంటాయి. అచ్చు మసకగా ఉన్నా, ఎంఆర్‌పీ, తయారీ తేదీ లేకపోయినా తీసుకోకండి.

ముందు అద్దం కడగండి

బ్లేడ్లు విప్పకముందే ఈ పని కానివ్వండి. అద్దం చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే లేదా సాయంత్రం నీడలో చేయాలి. ఎండకు కాలిపోతున్న అద్దం మీద షాంపూ వేస్తే తుడిచేలోపే ఆరి మచ్చలు కడుతుంది.

మొదట ధారాళంగా నీళ్ళు పోసి దుమ్మంతా కిందికి పోనివ్వండి. వైపర్లు ఆనే కింది అంచులో ఎండుటాకులు, మట్టి ఇరుక్కుని ఉంటాయి, చేత్తో తీసేయండి. వేప చెట్టు కిందో, కానుగ చెట్టు కిందో బండి ఆపేవాళ్ళ అద్దం మీద కంటికి కనపడని బంక ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. నీళ్ళలో కొంచెం కార్ షాంపూ కలిపి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో రెండు సార్లు రుద్ది కడిగితే ఇది వదులుతుంది. బట్టల సబ్బు పొడి వాడకండి. కరగని పలుకులు అద్దాన్ని గీస్తాయి, నురగ పెయింటు మీద కారి మెరుపు తగ్గిస్తుంది.

బోరు నీళ్ళతో కడిగే ఇళ్ళలో అద్దం మీద తెల్లటి చుక్కలు గట్టిగా అతుక్కుని ఉంటాయి. అది నీళ్ళలోని సున్నం. తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి, గుడ్డ తడిపి ఆ మచ్చల మీద కొన్ని నిమిషాలు ఉంచి రుద్దండి. వెంటనే మంచి నీళ్ళతో కడిగేయండి, పెయింటు మీద నిలవనీయకండి.

ఇప్పుడు శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి అద్దం మీద నీళ్ళు చిలకరించండి. నీళ్ళు ఒక పల్చటి పొరలా సమంగా పరుచుకుంటే అద్దం శుభ్రంగా ఉన్నట్టే. అక్కడక్కడా విడిపోయి చుక్కలుగా నిలబడితే ఇంకా జిడ్డో, పాలిష్ మైనమో ఉంది. మళ్ళీ రుద్దాలి. వాన నీళ్ళు జారిపోవాలని మీరే అద్దానికి కోటింగ్ వేయించి ఉంటే మాత్రం ఈ పరీక్ష వర్తించదు, నీళ్ళు చుక్కలు కట్టడం దాని లక్షణం.

పనిలో పనిగా లోపలి వైపు కూడా తుడవండి. డ్యాష్‌బోర్డ్ పాలిష్ ఆవిరై అద్దానికి లోపల పొరలా పడుతుంది. రాత్రిపూట లైట్లు చెదిరినట్టు కనపడడానికి చాలాసార్లు ఇదే కారణం. దానికి బయట ఎంత మంచి వైపర్ వేసినా లాభం లేదు.

పాత బ్లేడు తీయడం

ఇంజన్ ఆపి తాళం చెవి బయటికి తీసేయండి. వానను పసిగట్టి తనంతట తాను తిరిగే ఆటో వైపర్ ఉన్న కారైతే మీటను ఆఫ్‌లో పెట్టండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా చేయి పెడితే అది కదిలే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆర్మ్ లేపాలి. కొన్ని కార్లలో ఆర్మ్‌లు బానెట్ అంచు కింద దాక్కుని ఉంటాయి. వాటిని అలాగే లాగితే బానెట్‌కు తగిలి పెయింటు లేచిపోతుంది, అంచు సొట్ట కూడా పడవచ్చు. ఇలాంటి కార్లకు సర్వీస్ పొజిషన్ అని ఒకటి ఉంటుంది. కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్ళలో ఇగ్నిషన్ ఆఫ్ చేసిన కొన్ని సెకన్లలోపు వైపర్ మీటను మిస్ట్ (ఒక్కసారి మాత్రమే తుడిచే స్థానం) వైపు కాసేపు పట్టి ఉంచితే ఆర్మ్‌లు పైకి వచ్చి నిలబడతాయి. మీ కారుకు పద్ధతి ఏమిటో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి. ఆ సౌకర్యం లేని చాలా కార్లలో ఇంకో ఉపాయం పనిచేస్తుంది: అద్దం మీద నీళ్ళు చల్లి వైపర్ వేసి, అవి నిలువుగా వచ్చిన క్షణంలో ఇగ్నిషన్ ఆఫ్ చేస్తే అక్కడే ఆగిపోతాయి. వెంటనే మీటను ఆఫ్‌కు తెచ్చేయండి.

రెండు ఆర్మ్‌ల్లో ఏది పైన ఉందో చూసి ముందు దాన్నే లేపండి. బ్లేడును పట్టుకుని కాదు, ఆర్మ్‌ను పట్టుకుని లేపాలి. అద్దానికి దూరంగా లాగితే స్ప్రింగు బిగువుకు అక్కడే నిలబడుతుంది.

ఇక్కడ ఒక పని తప్పకుండా చేయండి. మందపాటి టవల్‌ను నాలుగు మడతలు వేసి, ఆర్మ్ పడే చోట అద్దం మీద పరచండి. ఈ మొత్తం పనిలో నిజంగా నష్టం జరిగే చోటు ఇదొక్కటే. బ్లేడు తీసేశాక ఆర్మ్ చివర ఉత్త ఇనుము మిగులుతుంది. మోచేయి తగిలినా, గాలి వీచినా, పిల్లలు ముట్టుకున్నా ఆ స్ప్రింగు బలానికి అది అద్దం మీద సుత్తి దెబ్బలా పడుతుంది. ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది కాబట్టి ముక్కలై రాలదు, కానీ పగులు పడితే అది రోజురోజుకూ పాకుతుంది, చివరకు అద్దమే మార్చాల్సి వస్తుంది. వేల రూపాయల ఖర్చు. అద్దం వెనక కెమెరా ఉన్న కొత్త కార్లలో అద్దం మార్చాక ఆ కెమెరాను మళ్ళీ సరిచేయించాలి, అది అదనం. కొన్ని వందల బ్లేడు కోసం మొదలుపెట్టిన పని అక్కడిదాకా పోకూడదు. అందుకే టవల్ పరవకుండా, ఇంట్లో ఎవరైనా ఉంటే ఆర్మ్‌ను పట్టుకోమని చెప్పకుండా బ్లేడు ఊడదీయకండి. ఒకేసారి రెండు బ్లేడ్లూ తీయొద్దు. ఒకటి తీసి, కొత్తది వేసి, దాన్ని అద్దం మీద ఆనించాకే రెండోదాని దగ్గరికి వెళ్ళండి. ఎలా బిగించి ఉండేదో అనుమానం వస్తే రెండో వైపు చూసుకోవడానికీ ఇది పనికొస్తుంది.

హుక్కు రకం తీయడానికి బ్లేడును ఆర్మ్‌కు అడ్డంగా తిప్పండి. హుక్కు వంపులో ఒక చిన్న ప్లాస్టిక్ క్లిప్పు కనపడుతుంది. దాని కింద నొక్కే నాలుక ఉంటుంది. బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని, బ్లేడును ఆర్మ్ వెంబడే కిందికి, అంటే బానెట్ వైపు నెట్టండి. చాలామంది ఇక్కడే తికమకపడతారు. బ్లేడును మన వైపు గుంజితే అది రాదు, క్లిప్పు విరుగుతుంది. హుక్కు పైనుంచి తగులుకుని ఉంది కాబట్టి బ్లేడు కిందికి జారితేనే విడుతుంది. దుమ్ముతో బిగుసుకుపోయి ఉంటే కొంచెం నీళ్ళు పోసి, నాలుక నొక్కి పట్టుకునే అరచేత్తో కిందికి చిన్నగా తట్టండి. అంగుళం మేర జారగానే హుక్కు బయటపడుతుంది. అప్పుడు బ్లేడు మధ్యలో ఉన్న ఖాళీ లోంచి హుక్కును తప్పించండి.

బటన్ రకమైతే బటన్ నొక్కి, బ్లేడును ఆర్మ్ చివరి వైపు నేరుగా లాగితే వచ్చేస్తుంది. రెండు పక్కలా నొక్కే రకానికీ అంతే.

కొత్తది బిగించడం

డబ్బాలోని బ్లేడును పాతదాని పక్కన పెట్టి పొడవు సరిపోయిందో ఒకసారి చూసుకోండి. అనేక రకాల కార్లకు సరిపోయేలా అమ్మే బ్లేడ్లతో నాలుగైదు అడాప్టర్లు, అంటే బ్లేడును ఆర్మ్‌కు తగిలించే ప్లాస్టిక్ క్లిప్పులు, ఇస్తారు. పాత క్లిప్పుతో పోల్చి మీ హుక్కుకు సరిపోయేది ఎంచుకోండి. హుక్కు వెడల్పులో తేడాలుంటాయి, వదులుగా ఊగే అడాప్టర్ వేయకండి.

తీసిన పద్ధతికి వెనక్కి వెళ్ళడమే ఇక పని. హుక్కును ఖాళీలోంచి దూర్చి, క్లిప్పు హుక్కు వంపులోకి వచ్చేలా పెట్టి, బ్లేడును పైకి లాగండి. టక్కుమని చప్పుడు రావాలి. అడాప్టర్‌కు మూత ఉంటే దాన్ని కూడా మూసి నొక్కండి. తర్వాత బ్లేడును కిందికి ఒకసారి గట్టిగానే లాగి చూడండి. కదలకపోతే బిగుసుకున్నట్టు. ఈ ఒక్క పరీక్ష మానేస్తే వానలో నూరు కిలోమీటర్ల వేగం మీద బ్లేడు ఎగిరిపోయి, ఉత్త ఇనుప ఆర్మ్ అద్దాన్ని గీకుతుంది.

ఫ్లాట్ బ్లేడుకు గాలిని కోసే వాలు ఉంటుంది. వైపర్ పడుకుని ఉన్నప్పుడు ఆ వాలు బానెట్ దిక్కుగా ఉండాలి. కొత్త రబ్బరు మీద రంగు ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీసేయండి. అది ఉండగానే వైపర్ తిప్పి, కొత్త బ్లేడు తుడవడం లేదని షాపుకు తిరిగి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

రబ్బరు మాత్రమే మార్చేవాళ్ళు పాత రబ్బరు ఒక చివర ఉన్న గంటును చూసుకుని, ఆ వైపు నుంచే లాగాలి. రబ్బరుకు రెండు పక్కలా సన్నటి స్టీలు పట్టీలుంటాయి. కొత్త రబ్బరుతో అవి రాకపోతే పాతవే, వాటి వంపు అదే దిక్కుగా ఉండేలా దూర్చండి. రబ్బరును పట్టి ఉంచే ఫ్రేము కొక్కేలను గోళ్ళంటారు, వాటన్నిటి లోంచీ రబ్బరు వెళ్ళాలి. ఒక్క గోరు తప్పినా అది అద్దాన్ని గీస్తుంది.

బ్లేడు బిగిశాక టవల్ తీసి, ఆర్మ్‌ను చేత్తో పట్టుకునే అద్దం మీదికి దించండి. వదిలేసి టప్‌మని పడనీయకండి. రెండో వైపు కూడా అయ్యాక, రెండు ఆర్మ్‌లూ కిందికి దిగి ఉన్నాయని చూసుకున్నాకే ఇగ్నిషన్ ఆన్ చేయండి.

తిప్పి చూడండి

పొడి అద్దం మీద వద్దు. బాగా తడిపి, లేదా వాషర్ నీళ్ళు కొట్టి, ముందు నెమ్మది వేగంలో, తర్వాత జోరు వేగంలో తిప్పండి. రెండు బ్లేడ్లూ ఒకదానికొకటి తగలకూడదు, పక్క పిల్లరును, కింద బీడింగును (అద్దం అంచు పట్టీని) తాకకూడదు.

చారలు వస్తే ముందు రబ్బరు అంచును తడిగుడ్డతో తుడిచి, అద్దం మళ్ళీ కడగండి. చారకు బదులు వెడల్పాటి పట్టీ తుడవకుండా మిగిలిపోతే ఆ చోట ఒత్తిడి చాలడం లేదు: ఫ్రేము వంగి ఉండాలి, లేదా ఆర్మ్ స్ప్రింగు నీరసించి ఉండాలి. కొత్త బ్లేడు దడదడలాడితే ఆర్మ్ మెలిక పడిందేమో చూడండి. బ్లేడు అద్దం మధ్యలో ఉండగా ఆపి పక్క నుంచి చూస్తే రబ్బరు అద్దానికి నిట్టనిలువుగా కనపడాలి. ఒక వైపు ఒరిగి ఉంటే ఆర్మ్‌ను మెకానిక్ చేత సరిచేయించండి. చేత్తో వంచితే తెలియకుండానే ఎక్కువ వంగుతుంది. మోటారు చప్పుడు వస్తూ ఒక ఆర్మ్ కదలకపోతే దాని మొదట్లో మూత కింద ఉండే నట్టు చాలాసార్లు వదులై ఉంటుంది, అలాగైతే బిగిస్తే సరిపోతుంది.

వెనక వైపర్ ఉన్న హ్యాచ్‌బ్యాక్‌లు, ఎస్‌యూవీల్లో దాన్నీ చూడండి. అది చిన్నది, చాలావాటికి ఆర్మ్ ప్లాస్టిక్‌ది, ముందుదానిలా పూర్తిగా పైకి లేవదు. లేచినంతవరకే లేపి, బ్లేడును ఆర్మ్‌కు అడ్డంగా తిప్పి బయటికి లాగితే చాలా మోడళ్ళలో ఊడుతుంది. దీని బిగింపు ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ మోడల్‌కే చెప్పి కొనండి.

ఎక్కువ కాలం రావాలంటే

దుమ్ము పట్టిన అద్దం మీద పొడిగా వైపర్ వేయడం మానేయండి. రబ్బరును ఇంత త్వరగా అరగదీసేది ఇంకొకటి లేదు, ఇసుక రేణువులు అద్దం మీద శాశ్వతంగా గీతలు కూడా పెడతాయి. ముందు నీళ్ళు కొట్టి తర్వాత తిప్పండి. రబ్బరు మెత్తబడుతుందని డీజిల్, కిరోసిన్, కొబ్బరినూనె రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. డీజిల్, కిరోసిన్‌లకు రబ్బరు ఉబ్బి పాడవుతుంది, ఏ నూనె అయినా అద్దం మీద జిడ్డు పొర మిగులుస్తుంది. వారానికోసారి తడిగుడ్డతో రబ్బరు తుడవడమే దానికి సరైన సేవ.

వాషర్ ట్యాంకులో బోరు నీళ్ళు పోయకండి, సున్నం పేరుకుని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళు, అందులో డబ్బా మీద చెప్పిన మోతాదులో వాషర్ ద్రవం చాలు. ఇప్పటికే ధార సరిగా రాకపోతే సన్నటి గుండుసూదితో రంధ్రాన్ని మెల్లగా శుభ్రం చేసి, అదే సూదితో ధార అద్దం మధ్యకు పడేలా తిప్పుకోవచ్చు. తీసిన పాత బ్లేడ్లలో కాస్త బాగున్నదాన్ని పారేయకుండా డిక్కీలో ఉంచుకోండి. దారిలో కొత్తది ఊడినా, విరిగినా పక్క ఊరి షాపు చేరేదాకా పనికొస్తుంది.